అమ్మ కాళ్లు ఆనే ఎత్తు

వచ్చేస్తుంది అమ్మ, ఎంతసేపని, ఆ చివరి కూడలి చుట్టి రావడానికి ఎంతసేపు పడుతుంది కనక, నడిచి వెళ్లినవాళ్లు కూడా ఈపాటికి తిరిగొచ్చేస్తారు, అయినా కొత్త బండి కదా, కొత్త బండి అనకూడదేమో, నాన్న బండే, నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో ఉన్న బండే, వెనక సగం మాత్రం కొత్తది, అలవాటు పడేదాకా మెల్లగా నడుపుతుంది, లేదా ఎక్కడో ఆపి చెయిన్ చూసుకుంటూ ఉంటుంది, లేదా ఇటు రాబుద్ధి కాక అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. వెళ్లిపోతే బాగుండును అని ఒక్క క్షణం అనిపించింది నాకు. అలా అనిపించిన సంగతి నాకే తెలియనట్టు టీ గ్లాసు ఎత్తుకున్నాను, అది ఎప్పుడో ఖాళీ అయింది, ఊరికే అంచు పెదాలకి ఆనించి దించాను. బెంచీకి ఆ చివర మా సెక్షన్ హెడ్డు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు, ఈ చివర నేను, మధ్యలో ఆయన హెల్మెట్టు. సెలవు రోజు చొక్కాలో ఆయన్ని చూడటం ఇదే మొదలు. ఈ వెల్డింగు షాపుకి ఆయన వస్తారని నాకేం తెలుసు, ఇక్కడ ఆగే బళ్లన్నీ మాలాంటివాళ్లవే అనుకున్నాను, పాత బండిని ముద్దుగా బాగు చేయించుకోవడం పెద్ద జీతాల వాళ్లకి ఒక సరదా అని నాకు తోచలేదు.

ఇందాక ఆయన వచ్చేసరికి అమ్మ బండెక్కి కూర్చుని ఉంది. మొదటిసారి. రెండు కాళ్లూ నేలకి ఆనాయి, మునివేళ్లు కాదు, మడమలతో సహా, చెప్పుల అడుగు పూర్తిగా సిమెంటు మీద. అమ్మ కిందికి చూసుకుంటోంది. పాదాలు అటూ ఇటూ జరిపి మళ్లీ పెట్టింది, నిజమేనా అని చూసుకున్నట్టు. నేనూ ఆ పాదాలే చూస్తున్నాను, గీతలు గీసినప్పుడు కాగితం మీద అనుకున్న ఎత్తు ఇదే, కుదిరింది అని లోపల పొంగిపోతున్నాను, సరిగ్గా అప్పుడు వెనకనుంచి "ఏమయ్యా, నువ్వేంటి ఇక్కడ" అని ఆయన గొంతు. లేచి నిలబడ్డాను. ఆఫీసులో లేచినట్టే లేచాను. ఆయన చూపు నా మీంచి అమ్మ మీదికి వెళ్లింది, అమ్మ మీంచి బండి వెనక్కి. వంగి చూశారు. షాకబ్జార్బర్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు, రెండు గొట్టాలు నిటారుగా దిగి చక్రం ఇరుసు దగ్గర కలుస్తున్నాయి అంతే. మా కంపెనీ చేసేదే షాకబ్జార్బర్లు. ఆయనా నేనూ రోజంతా చేసే పని వాటిని యంత్రానికి బిగించి అవి అలిసిపోయి విరిగేదాకా ఊపడం. ఆయనకి నవ్వొచ్చింది. "చూశావా, మనకి అన్నం పెట్టేదాన్ని ఎలా పీకి పారేసిందో. ఎవరావిడ" అన్నారు. గొంతు తగ్గించలేదు, ఎందుకు తగ్గిస్తారు, దారిన పోయే ఆవిడ గురించి అడుగుతున్నా అనుకుంటున్నారు కదా. మా అమ్మ సార్ అనాలి. అంతకంటే తేలిక మాట లేదు, పసిపిల్లలకి కూడా ముందు వచ్చే మాట. నా నోట్లోంచి మాత్రం "తెలీదు సార్, షాపుకొచ్చినావిడ" అని వచ్చింది.

వెల్డింగన్న ముందు చక్రం దగ్గర నట్టు బిగిస్తున్నాడు. అతని చేతిలో పానా ఆగింది. మళ్లీ కదిలింది. అమ్మని అతను ఏళ్లుగా అక్కా అంటాడు, నన్ను ఏరా అల్లుడూ అంటాడు, అతనికి నా మాట వినపడకుండా ఉండటానికి మధ్యలో గోడేం లేదు. అమ్మకి మాత్రం ఏం ఉంది. హెల్మెట్టు పెట్టుకుంది గానీ ముందు అద్దం పైకే ఉంది. ఆ అద్దాన్ని అమ్మ కిందికి లాక్కుంది, తలుపు వేసుకున్నట్టు. "తమ్ముడూ, చెయిన్ చప్పుడొస్తే అక్కడే ఆపేస్తాను, నువ్వే రావాలి" అంది అతనితో. నువ్వే అన్న మాట మీద ఒత్తు ఏమైనా ఉందా, లేదేమో, నేనే పెట్టుకుంటున్నానేమో. కిక్కు కొట్టింది, రెండో దానికి అందుకుంది, షాపు ముందున్న గుంటని పక్కనుంచి తప్పించి రోడ్డెక్కింది. వెనక్కి చూడలేదు. బండి మీద వెళ్లేవాళ్లు వెనక్కి చూడకూడదు, నిజమే, చూడకపోవడమే పద్ధతి. అలా అనుకుందాం.

సీట్లమ్మ. ఈ వీధిలో మా అమ్మ పేరు అదే. బళ్లకి సీటు కవర్లు కుడుతుంది. చిరిగిపోయిన సీట్లు మూటలు మూటలుగా మా ఇంటికి వస్తాయి, ముందుగదిలో ఒక గోడ పొడుగునా పాత సీట్లు బోర్లా పడుకుని ఉంటాయి, నేను వాటి మీద పడుకునే చదువుకున్నాను, రెక్సిను వాసన, స్పాంజి పొడి, మిషను చప్పుడు ఆగితే నాకు నిద్ర పట్టేది కాదు. మా ఇంట్లో ఒక పరీక్ష పాసై ఇంకో పరీక్ష దాకా వెళ్లినవాడిని నేనే. ఇంజనీరు. కుట్టిన సీట్లు షాపులకి అందించే పని నాన్నది, నాన్న నడిపేవాడు, అమ్మ వెనక మూట ఒళ్లో పెట్టుకుని పక్కకి తిరిగి కూర్చునేది. నాన్న చూపు మెల్లగా పోయింది. పక్కలనుంచి మొదలెట్టి లోపలికి, కిటికీ రెక్కలు దగ్గరికి వేస్తున్నట్టు ఉందిరా అనేవాడు, చివరికి ఎదురుగా ఉన్నది కూడా పోయింది. బండికి దుప్పటి కప్పారు. కొన్నాళ్లు అమ్మ సీట్లు నెత్తిన పెట్టుకుని నడిచింది. ఓ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి తీసి ఉంది, బండి సందులో పక్కకి పడి ఉంది, అమ్మ మెట్టు మీద కూర్చుని మోచెయ్యి తడిగుడ్డతో అదుముకుంటోంది. నడపడం వచ్చిందట, ఆపడమే రాలేదట, ఆగాక కాలు అందక బండి బరువు మీదికి ఒరిగిపోయిందట. అప్పుడు నేను అడిగిన మొదటి మాట నాకు గుర్తుంది. దెబ్బ తగిలిందా అని కాదు. "ఎవరైనా చూశారా?" అని అడిగాను. అమ్మ తల అడ్డంగా ఊపింది, నన్ను ఊరడిస్తున్నట్టు ఊపింది, ఎవరూ చూళ్లేదులే అని. ఆ తల ఊపడం ఇప్పుడెందుకు గుర్తొస్తోంది. మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది, ఇందాక చొక్కా చేతులు మడుచుకుంటుంటే కనపడింది, నాన్న పాత చొక్కా చీర మీద తొడుక్కుంది బండి కోసం, సార్ చూసింది ఆ అవతారాన్నే, అందుకే కదా నా నోరు అలా తిరిగింది, చొక్కా లేకపోతే చెప్పేవాడినా, ఏమో, చొక్కా మీదికి తోసేస్తున్నాను.

స్కూటరు కొనిస్తానన్నాను. బతిమాలాను. స్కూటరు నేను అడిగానా అంది. ఆ బండి చప్పుడు మీ నాన్న గుర్తు పడతాడు, వీధి చివర ఉండగానే నేను వస్తున్నట్టు తెలుస్తుంది, స్కూటరు చప్పుడు ఊళ్లో అందరిదీ ఒకటే కదరా అంది. అప్పుడు వెల్డింగన్న చెప్పాడు, కుర్రాళ్లు షోకు కోసం చేయించుకుంటారే మొండి నడుం బండి, అలా చేసేద్దాం అక్కా అని. బండి వెనక చక్రాన్ని పట్టుకుని ఊగే చెయ్యి ఒకటి ఉంటుంది, దాన్ని తీసేసి ఊగని గొట్టాలు అతికించి చక్రాన్ని వాటికే బిగించేయడం. చక్రం పైకి లేవదు కాబట్టి దానికోసం సీటు కింద వదిలిన ఖాళీ అక్కర్లేదు, సీటు జానెడు కిందికి దిగుతుంది. దెబ్బలన్నీ నడుముకే తగులుతాయి మరి, అన్నాను. సీటు కింద రెండు స్ప్రింగులు పెట్టుకుంటాను, నాకు రాదా సీటు పని, అంది. గీతలు నేనే గీశాను. అమ్మని గోడకి ఆనించి నిలబెట్టి టేపుతో కాలి పొడుగు కొలిచాను, చిన్నప్పుడు నా ఎత్తు కొలిచి బొగ్గుతో గీత పెట్టిన గోడే అది, నా గీతలన్నీ అమ్మ తల దాటి ఎప్పుడో పైకి వెళ్లిపోయాయి. ఇంత పొట్టిదా మా అమ్మ అనుకున్నాను. ఆఫీసులో లెక్కలు వేస్తూ ఎవరైనా వస్తే వేరే డ్రాయింగు పైకి లాగేవాణ్ని. అక్కడే ఉంది అసలు సంగతి, అది ఇవాళ సార్ కనబడగానే పుట్టింది కాదు, గీతలు గీస్తున్నప్పుడే దాస్తున్నాను. పని మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేశాను, అంటే ఏమిటి, పని చేస్తాను గానీ పేరు చెప్పను, ఇంజనీరుని గానీ కొడుకుని కాను.

"ఆ సీటు చూడు" అంటున్నారు సార్. ఆయన పాత బండి షాపులో స్టాండు మీద ఉంది, వెల్డింగన్న దానికి కొత్త సీటు బిగిస్తున్నాడు. గోధుమ రంగు రెక్సిను, అంచున రెండు వరసల తెల్ల కుట్టు. నాకు తెలుసు ఆ కుట్టు. మూలల దగ్గర ముడత రాకుండా అమ్మ లోపల్నుంచి చిన్న కుచ్చు లాగుతుంది, అది ఇంకెవరూ వెయ్యరు. పోయిన వారమంతా ఆ గోధుమ రంగు పీలికలు మా గదిలో నా కాళ్లకి చుట్టుకున్నాయి. "ఎవరు కుట్టారో గానీ ఫ్యాక్టరీ పని దీని ముందు దండగ" అంటున్నారాయన. రెండో అవకాశం ఇది, దేవుడు బల్ల మీద పెట్టి ముందుకి జరిపినట్టు జరిపాడు. "అవును సార్, బాగా కుట్టారు" అన్నాను. బాగా కుట్టారు. ఎవరో పెద్దావిడని మెచ్చుకున్నట్టు. వెల్డింగన్న తల ఎత్తకుండానే "మాకు కుట్టేదొకావిడ ఉందిలెండి, కొడుకు పెద్ద ఇంజనీరు" అన్నాడు. సార్ "అబ్బో" అన్నారు. నా చెవులు కాలిపోయాయి. అతను నన్ను పట్టిచ్చేస్తున్నాడా, తాడు విసిరి పట్టుకో అంటున్నాడా. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాలేజీలో చేరిన రోజు కూడా ఇలాగే, గేటు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఇక్కడ దింపెయ్ నాన్నా అన్నాను, లోపల తిప్పుకోడానికి చోటుండదు అన్నాను, లోపల లారీ తిప్పుకోవచ్చు. నాన్న సరే అన్నాడు. అమ్మ మూట మీంచి చెయ్యి తీసి నా జుట్టు సర్దింది. వాళ్లకి తెలియదనుకున్నాను అప్పుడు. ఇవాళ అమ్మ అద్దం దించుకున్న తీరు చూస్తే, ఇది ఆవిడకి కొత్త కాదు, ఎప్పుడో ఒకప్పుడు పైకి అంటాడని కాచుకునే ఉంది.

పక్క షాపువాడు కార్లు కడుగుతాడు. కారు మీద కొట్టిన నీళ్లు నురగతో సహా రోడ్డు మీదికి వస్తున్నాయి, ఇందాకట్నుంచీ వస్తున్నాయి, చూస్తూనే ఉన్నాను గానీ ఇప్పుడు చూశాను. ఈ షాపు ముందు గుంట, నీళ్ల గొట్టాల కోసం తవ్వి మట్టి వదులుగా కప్పి పోతే కుంగిపోయిన గుంట, అమ్మ వెళ్లేటప్పుడు నోరు తెరుచుకుని ఉంది, చూసి తప్పించింది. ఇప్పుడు అది లేదు. నీళ్లు అంచుదాకా నిండి పైన నురగ పరుచుకుని రోడ్డుతో సమానం అయిపోయింది, ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. ఒక సైకిలు అందులోకి దిగి ముందుకి తూలి లేచి పోయింది. షాకులున్న బండైతే ఒక ఊపు ఊగి బయటపడుతుంది. మొండి నడుముకి ఊగడం లేదు, నేనే తీసేశాను, గుంట దెబ్బ చక్రం నుంచి తిన్నగా మనిషిలోకి పోతుంది, అలవాటు లేని చేతుల్లోంచి హ్యాండిలు జారుతుంది.

గుంట. నాన్న ఆ మాట అనే తీరు వేరు. ముగ్గురం వెళ్లేవాళ్లం, నేను ట్యాంకు మీద, నాన్న, వెనక మూటతో అమ్మ. రోడ్డు మీద గుంట కనపడగానే నాన్న తల కొంచెం పక్కకి తిప్పి "గుంట" అనేవాడు, అరుపేం కాదు, కబురు చెప్పినట్టు, అంతే అమ్మ ఫుట్‌రెస్టు మీద బరువు పెట్టి సీటు మీంచి కొంచెం లేచేది, నేను ట్యాంకు గట్టిగా పట్టుకునేవాణ్ని, ముగ్గురం ఒకేసారి లేచి ఒకేసారి కూర్చునేవాళ్లం. వాళ్లిద్దరూ మాట్లాడుకోని రోజుల్లో కూడా ఆ ఒక్క మాట ఉండేది, దెబ్బలాడుకుని మొహాలు చెరోవైపు పెట్టుకున్నా గుంట వస్తే నాన్న చెప్పాల్సిందే. ఇప్పుడు వీధిలో నాన్న చెయ్యి పట్టుకుని నడిపిస్తూ అమ్మ చెబుతుంది, గుంట, మెట్టు, ఆవు, మళ్లీ గుంట. ఫ్రేము వెల్డింగు అయి ఇనపబల్ల మీద చల్లారుతున్న రోజున నాన్నని షాపుకి తీసుకొచ్చాను. బిగింపులు విప్పితే ఫ్రేము పక్కకి లాగేస్తుందేమోనని నేను గోళ్లు కొరుక్కుంటున్నాను. చక్రాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడటానికి అమ్మ సీట్లు కుట్టే దారమే ముందు చక్రం నుంచి వెనక చక్రానికి లాగి పట్టాం, కుదిరింది. నాన్న వేళ్లతో తడిమాడు. పాత గొట్టం మీంచి కొత్త గొట్టం మీదికి వెళ్తూ ఒక చోట ఆగి, ఇదిగో ఇక్కడ కోశారు అన్నాడు. తర్వాత నవ్వాడు. "అయితే ఇక వెనక చోటు లేదన్నమాట. మీ అమ్మని ముందుకి తోసి నన్ను దింపేశారు." ఇంటికి నడిచొస్తుంటే నా భుజం మీద చెయ్యి ఉంది, వెనకనుంచి మాట వచ్చింది. "షాకులు లేని బండిరా. మొదట్లో నువ్వు దగ్గరుండు. గుంట వస్తే చెప్పు మీ అమ్మకి. నాకు కనపడదు కదా." సరే నాన్నా అన్నాను. నేను సరే అనడంలో ఎప్పుడూ ముందుంటాను.

చప్పుడు. అదిగో, నాన్న చెప్పినట్టే, వీధి చివర ఉండగానే తెలుస్తోంది. అమ్మ వస్తోంది, నిటారుగా కూర్చుని, నాన్న చొక్కా గాలికి ఉబ్బి. మెల్లగా రావడం లేదు. బాగానే నడుపుతోంది, బాగా అంటే నాకు భయం వేసేంత బాగా. లేచి షాపు అంచుకి వెళ్లి చెయ్యి ఊపాను, నేల వైపు చూపిస్తూ. చూడలేదు. కార్లు కడిగేవాడి వైపు చూసింది, వెల్డింగన్న వైపు చూసింది, నా మీద మాత్రం చూపు ఆగకుండా పోయింది, తెలియని మనిషి మీద ఆగనట్టే. నేను చెప్పిన మాటని అమ్మ పాటిస్తోంది. కోపంతో కాదేమో, సార్ ఎదురుగా నా మాట నిలబెడుతోందేమో, ఎవరూ చూళ్లేదులే అని తల ఊపినట్టే, నన్ను కాస్తోందేమో. వెనక సార్ ఉన్నారు. ఏమండీ అని అరవచ్చు, ఓ పెద్దావిడా అని అరవచ్చు, దారిన పోయేవాడు ఎవరైనా అరుస్తాడు, అరిచినా నాకేం పోదు. కానీ హెల్మెట్టులో, ఆ ఇంజను చప్పుడులో, ఏమండీ అంటే అమ్మ తిరిగి చూడదు. ఆవిడ్ని ఏమండీ అని పిలిచినవాళ్లు లేరు. కాళ్లు రోడ్డు మీదికి దిగాయి. గుంట ఎక్కడుందో తెలిసేలా చెయ్యడానికి ఇంకో దారి లేదు, అందులోకే దిగాను, ఆఫీసు బూట్లతో, సెలవు రోజు కూడా ఆఫీసు బూట్లే వేసుకొచ్చాను, నీళ్లు చీలమండ దాటి ప్యాంటులోకి ఎక్కాయి, నురగ.

"అమ్మా," అన్నాను, అన్నాను అనకూడదు, వీధంతా వినపడింది, "గుంట."

బండి ముక్కు కిందికి వంగి, వెనక చక్రం ఒకసారి పక్కకి జారి, సర్దుకుని ఆగింది. గుంట అంచున, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో. రెండు కాళ్లూ దింపింది. ఆనాయి. నురగలో చెప్పులు, మడమలతో సహా. ఇంజను కొట్టుకుంటూనే ఉంది, దాని వణుకు గొట్టాల్లోంచి సీటులోంచి అమ్మ భుజాల దాకా పోవడం కనపడుతోంది. అద్దం పైకెత్తింది. కళ్లు మాత్రమే కనపడ్డాయి, మూతి హెల్మెట్టు లోపల ఉండిపోయింది, నవ్వుతోందో లేదో చెప్పడానికి నాకు ఆధారం లేదు.

"ఎవరు బాబూ నువ్వు" అంది.

కార్లు కడిగేవాడు గొట్టం కట్టేశాడు. నా వెనక బెంచీ కిర్రుమంది, సార్ లేచినట్టున్నారు. ఏదో అనాలి, నవ్వి తేల్చెయ్యొచ్చు, క్షమించమ్మా అనొచ్చు, అవేవీ రాలేదు. "మీ అబ్బాయిని" అన్నాను. మీ అని వచ్చింది, అమ్మని ఎప్పుడూ మీరు అనలేదు, పోలీసు స్టేషనులో చెప్పినట్టు చెప్పాను.

అమ్మ నన్ను చూసింది, తర్వాత నా బూట్లు చూసింది, పాడయ్యాయని ఆవిడ లోపల అనుకునే ఉంటుంది. తర్వాత నా భుజం మీంచి షాపులోకి చూసింది, స్టాండు మీదున్న గోధుమ రంగు సీటు వైపు.

"అయితే వెళ్లి ఆయన్నడుగు, సీటు కుదిరిందేమో" అంది. "మూల దగ్గర కొంచెం గట్టిగా లాగాను. కూర్చుని చూస్తే గానీ తెలీదు." అద్దం దించుకుని, నన్ను చుట్టి, గుంటని చుట్టి, బండిని షాపులోకి పోనిచ్చింది.

నేను గుంటలోంచి బయటికి వచ్చాను. అడుగు వేస్తే బూట్లు చప్పుడు చేస్తున్నాయి, నీళ్ల చప్పుడు, సన్నగా, ఎవరికీ వినపడనంత, నాకు మాత్రం వినపడేంత. సార్ బెంచీ పక్కన నిలబడి ఉన్నారు, ఆయన మొహంలోకి చూడలేదు, ఆయన చొక్కా గుండీ చూశాను, దాని పక్క గుండీ చూశాను. వెల్డింగన్న పానా కింద పెట్టాడు.

"సార్," అన్నాను. "మా అమ్మ అడుగుతోంది. సీటు కుదిరిందా అని."